అరికాలిలో చక్రము

మా చిన్నతనమున మా ఇంటి నడవలో ఒక పాత రేడియో పెట్టె యుండెడిది. దాని ముఖమునకు బిగించిన గాజుపలకపై అంకెలతోపాటు దూరదేశపు నగరముల పేర్లు కూడ వరుసలుగా ముద్రించి యుండెను. పెట్టె వెచ్చబడి లోపలి దీపము వెలిగిన పిమ్మట ముల్లు ఆ పేర్ల మీదుగా మెల్లగా సాగుచుండెడిది. వార్తలకు ముల్లును సరిచేయుట పెద్దల పని. ఆ పేర్లను చదువుకొనుట మా పని. వానిలో కొన్నిటిని పలుకుటకైనను మాకు నోరు తిరిగెడిది కాదు. వానిలో ఒక్క ఊరికైనను పోయి చూడవలెనను కోరిక మాకు అక్కడనే పుట్టినది. ఆ మాట మా నాయనమ్మతో చెప్పగా ఆమె మా కాలు పట్టుకొని వెనుకకు త్రిప్పి చూచి, వీని అరికాలిలో చక్రమున్నదిరా యని పెదవి విరిచెను.

ఊరూర తిరుగువానిని మనవారు దేశదిమ్మరి యందురు, కాలికి బలపము కట్టుకొన్నవాడందురు. ఆ రెండింటిలోను కొంత నింద యున్నది. చక్రమున్నదనుటలో నింద కంటె జాలి హెచ్చు. అది వాడు కోరి తెచ్చుకొన్నది కాదు, పుట్టుకతో వచ్చినది, మనము చేయగలిగినదేమియు లేదు అని ఆ మాటకు అర్థము. అట్టి చక్రము గలవారిలో లోకప్రసిద్ధుడైన ఇబ్ను బతూతాను గూర్చి ఈ ప్రసంగము. అతడు తిరిగిన దూరము 70,000 మైళ్ళకు మించినదని పండితుల అంచనా. ఆవిరి యంత్రము లేని కాలమున, కాలినడకను, గాడిదపై, గుఱ్ఱముపై, ఒంటెపై, తెరచాప ఓడలపై చేసిన ప్రయాణము అది. అయితే మైళ్ళ లెక్క అందరును చెప్పునదే. మేము వేరు లెక్క యొకటి చూడదలచితిమి. ఒక మనుష్యుడు ముప్పది యేండ్లపాటు పరదేశములలో తిరుగుటకు ఏమేమి కావలెను? ఆ తిరుగుటకైన వెలను ఎవరు చెల్లించిరి?

ఆఫ్రికా ఖండపు వాయవ్యపు కొసను, మధ్యధరా సముద్రము అట్లాంటిక్ మహాసముద్రముతో కలియు జలసంధి యొడ్డున, మొరాకో దేశమున టాంజియరు అను రేవుపట్టణము గలదు. ఇబ్ను బతూతా 1304వ సంవత్సరము ఫిబ్రవరిలో అక్కడ జన్మించెను. వారిది ఖాజీల కుటుంబము. అనగా ఇస్లాము ధర్మశాస్త్రము నెరిగి జనుల తగవులు తీర్చువారి కుటుంబము. బాలుడును ఆ విద్యనే అభ్యసించెను. 1325 జూన్ 14వ తేదీన, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, అతడు మక్కాయాత్రకని ఇల్లు వెడలెను. తోడు లేదు, బిడారు లేదు. తల్లిదండ్రులిరువురును జీవించి యుండిరి. వారిని విడుచుట తనకును, తనను విడుచుట వారికిని మిక్కిలి దుఃఖకరమయ్యెనని అతడే చెప్పియున్నాడు. శ్రోతలు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను.

తీర్థయాత్ర యనునది అరికాలిలో చక్రము గలవానికి గొప్ప ఆలంబనము. లోకము చూచి వత్తునన్న కుమారుని ఏ తండ్రియు సులభముగా పంపడు. మక్కాకు పోవుదునన్న కుమారుని ఆపుట భక్తిగల తండ్రికి సాధ్యము కాదు. మన దేశమునను ఇట్లే జరిగినది. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని సామెత చెప్పుకొనుచునే, కాశికి పోవువానిని మనవారు పొలిమేర దాక సాగనంపెడివారు. 1830 మే నెలలో మద్రాసునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పదునైదు నెలలపాటు ప్రయాణము చేసి దారిలోని మజిలీలను, బాటలను, ఊళ్ళను, మనుష్యుల నడవడిని వ్రాసి పెట్టిరి. ఆ పుస్తకము చదివినవారికి, ఆయనకు విశ్వేశ్వరునిపై గల భక్తి యెంతయో మజిలీ మజిలీకి మారెడి లోకముపై గల కుతూహలమును అంతే యని తోచకపోదు. అయితే ఆయన పరివారముతో పోయి పరివారముతో తిరిగి వచ్చిరి. టాంజియరు యువకుడు ఒంటరిగా పోయెను.

మొదటి కొన్ని వారములు అతనికి గడ్డుగానే గడచెను. దారిలో వర్తకుల గుంపుతో కలిసి, నేటి అల్జీరియా దేశములోని బిజాయా అను ఊరు చేరునప్పటికి తీవ్రమైన జ్వరము తగిలెను. నయమగు వరకు అక్కడనే యుండుమని తోడివారు చెప్పిరి. చావు వ్రాసి యున్నయెడల మక్కా దిక్కునకు మొగముంచి దారిలోనే చత్తునని అతడు పట్టుపట్టెను. అట్లయినచో గాడిదను, బరువైన సామానును అమ్మివేయుము, వాహనమును డేరాను నేనిత్తునని ఒక సహయాత్రికుడు దయతలచెను. దారిదొంగల భయము వలన బిడారు త్వరత్వరగా సాగవలసి యుండెను. దిగి విశ్రమించుటకు వీలులేదు. కూర్చుండుటకు ఓపిక లేక, క్రింద పడుదునేమో యని, ఆ యువకుడు తన తలపాగా గుడ్డతో తన్ను తాను జీనుకు కట్టుకొని ప్రయాణము చేసెను.

ట్యూనిసు నగరము చేరునప్పటికి అతనికి జ్వరము పూర్తిగా తగ్గలేదు. ఊరివారు ఎదురు వచ్చి బిడారులోని తమ తమ పరిచితులకు సలాములు చేసి, కుశలమడిగి, కౌగిలించుకొనుచుండిరి. ఇతనిని పలుకరించినవాడు ఒక్కడును లేడు, ఇతనిని ఎరిగినవాడు ఆ ఊరిలో లేడు. అతడు దుఃఖము పట్టలేక ఏడ్చెను. యాత్రికులలో ఒకడు అది గమనించి దగ్గరకు వచ్చి సలాము చేసి, పట్టణము చేరువరకు ఏవో మాటలు చెప్పి ఓదార్చెను. పిమ్మట ఎందరో సుల్తానుల సభలలో ఆసనములు పొందినవాడు, నగరములను ఇరుగుపొరుగు వీథులవలె లెక్కించినవాడు, మొదట ఏడ్చినది ఒక్క సలాము కొరకు. ఇల్లు విడిచి పరాయి ఊరిలో మొదటి సాయంకాలము గడపినవారికి ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

అయినను కొలది మాసములలో స్థితి మారెను. ట్యూనిసునుండి బయలుదేరిన యాత్రికుల బిడారునకు అతనినే ఖాజీగా ఎన్నుకొనిరి. దారిలోనే వివాహము చేసికొనెను. మామగారితో పేచీ వచ్చి ఆ భార్యను విడిచెను. ఆ దారిలోనే మరియొక వివాహము చేసికొని బిడారునకంతకు విందు చేసెను. ఈ విషయములో అతని అలవాటు జీవితాంతము మారలేదని ఇక్కడనే చెప్పి ముందునకు పోవుట మంచిది.

1326వ సంవత్సరమున ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా నగరమున బుర్హానుద్దీను అను సాధువు అతనిని చూచి, నీకు దేశములు తిరుగుట యందు మక్కువ యున్నట్లున్నది యనెను. ఔనని ఇతడు చెప్పెను. అప్పటివరకు దూరదేశములకు పోవలెనను తలంపు తనకు లేదని కూడ మనకు చెప్పుచున్నాడు. సాధువు తన సోదరులు హిందూదేశమున ఒకరును, సింధులో ఒకరును, చీనాలో ఒకరును ఉన్నారనియు, వారిని కలిసినపుడు తన సలాములు చెప్పుమనియు కోరెను. మరికొన్ని దినములకు నైలునది పాయల ప్రాంతమున వేరొక సాధువు ఆశ్రమమున మిద్దెపై పండుకొనగా అతనికి ఒక కల వచ్చెను. పెద్ద పక్షి యొకటి అతనిని రెక్కపై ఎక్కించుకొని మక్కావైపునకు, యెమనువైపునకు, తూర్పునకు, దక్షిణమునకు ఎగిరి, తుదకు చాల దూరము తూర్పుగా పోయి పచ్చగా చీకటిగా నున్న ఒక దేశమున దింపి విడిచిపోయెను. ఈ కథలు అతడు ముప్పది యేండ్ల తరువాత చెప్పినవి. ముగిసిన ప్రయాణమునకు మొదట ఒక జోస్యమును చేర్చుట మనుష్యస్వభావము. కావున కలను మేము అక్షరాల నమ్మవలసిన పనిలేదు. సాధువు ప్రశ్న మాత్రము నిజమని మాకు తోచుచున్నది. ఆ యువకుని మొగముపై ఆ మక్కువ ఎట్టివానికైనను కనబడియే యుండును.

మక్కువ ఉన్నంతమాత్రమున ప్రయాణము సాగునా? సాగదు. ఆ కాలమున అట్లాంటిక్ తీరము మొదలు హిందూమహాసముద్రపు దీవుల వరకు ముస్లిము సమాజముల యందు చదువుకొన్నవారికి అరబ్బీ తెలియును. ధర్మశాస్త్రము ఇంచుమించు ఒక్కటే. ఇతడు చదివిన ఖాజీ విద్య సంచిలో బరువుండదు, దొంగలు ఎత్తుకొనిపోరు, ఏ రాజధానిలో విప్పినను విలువ కట్టువారుందురు. మన పల్లెలలో వైద్యము తెలిసినవాడు, పురాణము చెప్పగలవాడు చేతిలో కాసు లేకున్నను ఊరూర బ్రతికి వచ్చినట్లే యిదియు.

రెండవది సత్రము. పుణ్యాత్ములు ఇండ్లను, తోటలను, అంగళ్ళను ధర్మమునకు వ్రాసి యిచ్చెడి వక్ఫు పద్ధతి వలన బాటసారికి తిండియు నీడయు దొరకుచుండెను. డమాస్కసు నగరపు వక్ఫులను గూర్చి అతడు చెప్పిన ముచ్చట యొకటి మాకు మిక్కిలి ప్రియమైనది. ఒక సందులో పోవుచుండగా ఒక బానిస బాలుని చేతినుండి చీనా పింగాణి పళ్ళెము జారి పగిలెనట. బాలుడు వణకుచుండగా జనులు గుమిగూడిరి. వారిలో నొకడు పెంకులను ఏరి మూటగట్టించి, పాత్రల కొరకై యున్న వక్ఫు అధికారి వద్దకు తోడుకొని పోయెను. పెంకులను చూపగానే ఆ అధికారి అట్టి పళ్ళెము కొనుటకు సొమ్మిచ్చెను. బాలుడు యజమాని చేత దెబ్బలు తినకుండ, పగిలిన పాత్రల కొరకు ఎవరో ఆస్తి వ్రాసిపెట్టి యుండిరి! పగిలిన పళ్ళెమునకే దిక్కున్న ఊరిలో బాటసారికి దిక్కు లేకపోవునా?

మూడవది అపరిచితుల ఆదరము. నేటి టర్కీ దేశమున అఖీలు అను యువకుల సంఘములుండెను. వారు పగలు తమ తమ వృత్తులలో సంపాదించినది సాయంకాలము ఒకచోట చేర్చి, ఊరికి వచ్చిన పరదేశికి విందు చేయుచుండిరి. ఒక పట్టణమున ఇతడు అడుగిడగానే కొందరు అంగళ్ళనుండి దిగివచ్చి గుఱ్ఱపు కళ్ళెములు పట్టుకొనిరి. మరికొందరు వచ్చి వారిని అడ్డగించిరి. మాటామాటా పెరిగి కత్తులు దూసిరి. ఇతనికి తుర్కీ భాష రాదు. వీరు దొంగలు, ప్రాణము పోవుట నిశ్చయమని ఇతడు వణకిపోయెను. తుదకు అరబ్బీ తెలిసినవాడొకడు వచ్చి చెప్పగా తేలినదేమనగా, అతిథిని తమ సత్రమునకు తీసికొనిపోవుదుమని రెండు అఖీ సంఘములవారు తగవులాడుకొనుచుండిరి. చీట్లు వేసికొని గెలిచినవారు మొదట విందు చేసిరి, ఓడినవారు తరువాత చేసిరి.

పోయిన బాటను వీలైనంతవరకు మరల త్రొక్కరాదని అతడు నియమము పెట్టుకొనెను. 1326లో మక్కా చేరి యాత్ర ముగించినవాడు ఇంటిదారి పట్టలేదు. ఇరాకు, పారసీకము, యెమను, ఆఫ్రికా తూర్పుతీరము, టర్కీ, ఓల్గా ప్రాంతపు ఖానుల దేశము, కాన్‌స్టాంటినోపులు నగరము, మధ్య ఆసియా అతడు తిరిగిన చోట్లు. ఈ భాగములన్నిటిని చెప్పుటకు నేటి వ్యవధి చాలదు. వానిలో కొన్నిటికి అతడు నిజముగా పోయెనా యని పండితులకు అనుమానములు గలవు. ఓల్గా తీరపు బుల్గారు పట్టణమును చూచితినన్న మాటను చాలమంది నమ్మరు. డమాస్కసు, మక్కా నగరముల వర్ణనలో కొంత, అతనికి ముందు వచ్చిన ఇబ్ను జుబైరు అను యాత్రికుని గ్రంథమునుండి ఎత్తినది. అయినను మొత్తము ప్రయాణమును శంకించువారు తక్కువ.

1333 సెప్టెంబరున అతడు సింధునది చేరెను. ఢిల్లీలో ముహమ్మదు బిన్ తుగ్లకు పరదేశపు విద్వాంసులకు మెండుగా ధనమిచ్చుచుండెనని విని వచ్చినాడు. సుల్తాను అతనిని ఏటికి 12,000 దీనారముల జీతముపై ఢిల్లీ ఖాజీగా నియమించెను. తాను మాలికీ శాఖవాడననియు, ఇక్కడివారు హనఫీ శాఖవారనియు, దేశభాష తనకు రాదనియు ఇతడు మనవి చేయగా, పని చేయుటకు ఇద్దరు సహాయకులను కూడ ఇచ్చెను. పని వారిది, జీతము ఇతనిది. అది చాలక ఇతడు 55,000 దీనారముల అప్పు చేసెను. దానిని గూడ సుల్తానే తీర్చెను. ధనము విషయమున ఇతని నడవడి మెచ్చదగినదని మేము చెప్పజాలము.

మన తెలుగు దేశమునకు అతడు వచ్చినట్లు లేదు గాని తిలింగము పేరు అతని గ్రంథమున గలదు. 1335 ప్రాంతమున తమిళదేశపు మధురలో జరిగిన తిరుగుబాటు నణచుటకై సుల్తాను సేనతో దక్షిణమునకు బయలుదేరి తిలింగము చేరగా, అంటువ్యాధి ప్రబలి సేన నశించుటచే వెనుదిరుగవలసి వచ్చెను. ఆ కాలమున ఇబ్ను బతూతా ఢిల్లీలోనే యుండెను.

అదే సుల్తాను ఎంత ఉదారుడో అంత క్రూరుడు. షిహాబుద్దీను అను సాధువుపై అతనికి ఆగ్రహము గలిగెను. ఆ సాధువును చూడబోయినవారిలో ఇబ్ను బతూతా యొకడు. నలుగురు భటులు వచ్చి ఇతనికి కావలి కూర్చుండిరి. ఇతడు ఉపవాసములతో, జపముతో ప్రాణములు అరచేతిలో పెట్టుకొని గడపెను. సాధువును చంపించిరి, ఇతనిని విడిచిపెట్టిరి. దానితో ఇతడు కొలువు మాని, ఉన్నదంతయు దానము చేసి, గుహలో నివసించు ఒక తపస్వి వద్ద నెలల తరబడి ఉండెను. సుల్తాను మరల కొలువునకు రమ్మనగా అంగీకరింపక, మక్కాకు పోవుటకు సెలవు కోరెను. సెలవు లభించెను.

ఆ సెలవు పడమటి దిక్కునకు, అనగా ఇంటివైపునకు తెరచిన తలుపు. ఇల్లు విడిచి అప్పటికి పదునారేండ్లు గడచెను. నలువది దినములకు సుల్తాను జీను వేసిన గుఱ్ఱములను, వస్త్రములను పంపి పిలిపించెను. నీకు దేశాటనమునందు గల ప్రీతి నేనెరుగుదును, నా రాయబారిగా చీనా చక్రవర్తి వద్దకు పొమ్మనెను. ఇతడు ఒప్పుకొనెను. తపస్సు చేసినవానిని గుహనుండి ధనము కదల్చలేదు, పదవి కదల్చలేదు; దూరము కదల్చినది. మేము ఈ గ్రంథమునకు ఇదియే మలుపు అనుకొందుము.

1342లో రాయబారము బయలుదేరెను. చీనా చక్రవర్తికి కానుకలుగా నూరు మేలుజాతి గుఱ్ఱములు, నూరుగురు బానిసలు, నూరుగురు ఆటపాటలు నేర్చిన స్త్రీలు, విలువగల వస్త్రములు వెంటనుండెను. మనుష్యులను గుఱ్ఱములతోపాటు కానుకగా లెక్కించుట ఆ కాలపు రీతి. ఇబ్ను బతూతా దానిని తప్పుగా ఎన్నలేదు. మనము ఎన్నక తప్పదు.

మలబారు తీరపు కాలికటు రేవులో పదుమూడు చీనా ఓడలు లంగరు వేసి యుండెను. వానిలో పెద్దవానికి నాలుగేసి అంతస్తులు. వేయిమంది దాక మనుష్యులు ఎక్కుదురు. అయినను వెంటనే బయలుదేరుటకు లేదు. మూడు మాసములు వేచియుండవలసి వచ్చెను. హిందూమహాసముద్రమున నాటి ఓడలకు ఋతుపవనములే గుఱ్ఱములు. వేసవి వెళ్ళిన తరువాత నైరుతినుండియు, చలికాలమున ఈశాన్యమునుండియు వీచు ఆ గాలులను అనుసరించియే రాకపోకలు జరుగవలెను. అదను తప్పినచో తరువాతి ఋతువు వరకు రేవులో కూర్చుండవలసినదే. రాజాజ్ఞయైనను గాలిని త్రిప్పజాలదు.

ప్రయాణపు నాడు సామానును, బానిసలను ఒక చిన్న ఓడపై ఎక్కించి, శుక్రవారపు నమాజు కొరకు ఇతడు ఒడ్డున ఆగెను. ఆ రాత్రి తుఫాను రేగెను. కానుకలున్న పెద్ద ఓడ గట్టునకు కొట్టుకొని ముక్కలయ్యెను, అందులోనివారు మరణించిరి. అది చూచి చిన్న ఓడవారు తెరచాపలెత్తి సముద్రములోనికి సాగిపోయిరి. ఒడ్డున మిగిలిన రాయబారి వద్ద పది దీనారములును, పరచుకొనుటకు ఒక చాపయు మాత్రముండెను. ఆ చిన్న ఓడలో అతని వలన గర్భవతియైన ఒక బానిస స్త్రీ గలదు. ఆమె దూరపు దీవిలో మరణించెనని తరువాత కబురు వచ్చెను. ఆమె పేరును గ్రంథము మనకు చెప్పదు.

ఢిల్లీకి పోవుటకు అతనికి మొగము చెల్లలేదు. మాల్దీవులకు పోయి ఏడాదిన్నర అక్కడ ఖాజీగా ఉండెను, నలుగురిని వివాహమాడెను, మంత్రితో పడక విడిచి పోయెను. వెనుక అతని భార్య యొకతె కుమారుని కనెను. కొంతకాలమునకు ఆ బిడ్డను తీసికొనిపోవలెనని మరల వచ్చి, రెండేండ్ల బాలుని చూచి, తల్లి వద్దనే యుండుట వానికి మేలని తలచి, అయిదు దినములకే ఓడ ఎక్కెను. సింహళము, బంగాళము, సుమత్రా, చీనా రేవులు చూచి అతడు పడమటికి మరలెను.

1348వ సంవత్సరమున, ఇరువది రెండేండ్ల తరువాత, అతడు మరల డమాస్కసు చేరెను. ఇక్కడ వెల విషయమునకు వత్తము. 1326లో ఆ ఊరిలో అతడు గర్భవతియైన భార్యను విడిచి పోయియుండెను. మగబిడ్డ పుట్టెనని హిందూదేశమున ఉన్నపుడు తెలిసి, ఆ బిడ్డ మాతామహునకు నలువది బంగారు దీనారములు పంపెను. ఇప్పుడు అతడు పట్టణమున అడుగుపెట్టగానే మొదట విచారించినది ఆ కుమారుని గూర్చియే. మసీదులో కలిసిన పరిచితుడొకడు, ఆ బాలుడు మరణించి పండ్రెండేండ్లయ్యెనని చెప్పెను. అనగా పదియేండ్ల ప్రాయమున పోయినాడు. తండ్రి వానిని చూడనేలేదు.

టాంజియరువాడొకడు ఇక్కడి విద్యాలయమున ఉన్నాడు, ఇంటి సంగతి అతనిని అడుగుమని ఆ పరిచితుడే చెప్పెను. ఇతడు పరుగున పోయి అడిగెను. తండ్రి మరణించి పదునైదేండ్లయ్యెను, తల్లి జీవించియున్నది. లెక్క చూచినచో ఇంచుమించు అతడు సింధునది చేరిన కాలమునకే తండ్రి కన్నుమూసినాడు. ఢిల్లీలో జీతము, అప్పులు, భయము, తపస్సు, ఇవన్నియు తండ్రి లేని లోకమున జరిగినవి. ఆ సంగతి ఇతనికి తెలియదు. నేడు నిముషములో చేరు కబురు నాడు ఎదురుపడిన మనుష్యుని నోట రావలసినదే. బాట మార్చి మార్చి పోవువానిని కబురు ఎక్కడ వెదకి పట్టుకొనగలదు? తన అడుగుజాడలు దొరకకుండ తిరుగుటయే నియమముగా పెట్టుకొన్నవానికి దుర్వార్తయు పదునైదేండ్లు ఆలస్యముగా వచ్చెను.

తల్లి యున్నదని తెలిసినది. అక్కడనుండి ఇంటికి చేరుటకు మరి యేడాదిన్నరకు పైగా పట్టెను. ఆ సంవత్సరముననే మహామారి సిరియాకు వచ్చెను. డమాస్కసులో ఒక్కనాడు 2,400 మంది దాక చనిపోయిరని అతడు చెప్పుచున్నాడు. ఊరివారు మూడు దినములు ఉపవాసముండి, చేతులలో ఖురాను పట్టుకొని పాదరక్షలు లేకుండ ఊరేగిరి. వారితో యూదులు తమ తోరాను, క్రైస్తవులు తమ సువార్తను పట్టుకొని నడచిరి. స్త్రీలు పిల్లలు అందరు ఏడ్చుచు ప్రార్థించిరి. ఇతడు జెరూసలేము మీదుగా కైరో చేరెను. కైరోనుండి పడమటికి పోవలసినవాడు మరియొక మారు మక్కాయాత్రకు తూర్పునకు మరలెను. 1349 వసంతమున గాని స్వదేశపు దారి పట్టలేదు. మహామారి లోకమును కమ్మిన వేళ భక్తుడు మక్కాకు పోవుటను మేము తప్పుపట్టలేము. అయినను ఆ పుటలు చదువునపుడు, ఇక తిన్నగా ఇంటికి పోరాదా యని మనస్సు కొట్టుకొనుట మానదు.

మొరాకోలోని తాజా అను పట్టణము చేరినపుడు, తల్లి మహామారి వలన మరణించెనని అతనికి తెలిసెను. 1349 నవంబరున రాజధానియైన ఫెజ్ నగరము చేరి సుల్తానును దర్శించి, పిమ్మట టాంజియరు పోయి తల్లి సమాధిని చూచెను. ఇల్లు విడిచి ఇరువది నాలుగేండ్లు. ఆ సమాధి వద్ద ఎంతసేపు నిలిచెనో, ఏమి తలచెనో అతడు చెప్పలేదు. వెంటనే స్యూటా అను ఊరికి పోయి అక్కడ మూడు మాసములు జబ్బుపడెను.

నయమైన తరువాత ఏమి చేసెనని శ్రోతలు అడుగుదురు. జలసంధి దాటి స్పెయిను దేశపు గ్రనడా చూచి వచ్చెను. పిమ్మట 1352లో, సహారా ఎడారి అంచున నున్న సిజిల్మాసాలో ఒంటెలను కొని, వానికి నాలుగు మాసములకు సరిపడు మేతను కూర్చుకొని, మాలీ దేశమునకు బయలుదేరెను. దారిలో తఘాజా అను ఊరిలో ఇండ్లు, మసీదు సయితము ఉప్పుదిమ్మలతో కట్టి ఒంటెతోళ్ళతో కప్పి యుండుట చూచెను. తుదకు సుల్తాను ఆజ్ఞ వచ్చుట చేతనే ఎడారినుండి వెనుకకు మరలెను.

సుల్తాను అతనిని ఫెజ్ నగరమున ఉంచి, చూచినదంతయు చెప్పుమనియు, ఇబ్ను జుజయ్యి అను యువకవిని దానిని వ్రాయుమనియు ఆజ్ఞాపించెను. 1355 డిసెంబరున ఆ చెప్పుట ముగిసెను. టాంజియరునుండి ఒంటరిగా బయలుదేరుట, తల్లిదండ్రులిరువురును జీవించి యుండుట, వారిని విడుచుటకు తానును తన్ను విడుచుటకు వారును దుఃఖించుట, ఈ మాటలు ఆ గ్రంథపు మొదటి పుటలలోనివి. వానిని పలుకునాటికి అతని వయస్సు ఏబది దాటెను. వినుటకు వారిరువురిలో ఒక్కరును లేరు.